నిడుగల్లు రాళ్ళు – రాతిపూల అన్వేషణ చరిత్ర

పావగడ తాలూకాలోని నిడుగల్లు దుర్గమును గూర్చి మనవారు ముచ్చటించునపుడు రాజుల మాట వచ్చును, కోట మాట వచ్చును, పాలెగాండ్ర మాట వచ్చును. కొండ యెక్కి వచ్చినవారు గుళ్ళను గూర్చియు కోనేళ్ళను గూర్చియు చెప్పుదురు. కాని ఆ రాళ్ళపై రాజులకంటె ముందుగా కాపురము పెట్టి, రాజులందరును పోయిన పిదప గూడ నిలిచియున్న ఒక సంతతిని గూర్చి సామాన్యముగా ఎవరును ప్రస్తావింపరు. కొండరాతిపై బూడిదరంగు మచ్చలుగను, పసుపుపచ్చని పొలుసులుగను, కావిరంగు చుక్కలుగను కానవచ్చు ఆ సంతతిని శాస్త్రజ్ఞులు లైకెన్లు అందురు. మన ఇండ్లలో దానికి రాతిపూవు అని పేరు.

రాతిపూవు అనగానే గృహిణులకు మసాలా దినుసు జ్ఞప్తికి వచ్చును. కన్నడిగులు దానిని కల్లుహూవు అందురు; తమిళులు కల్పాసి అందురు; హైదరాబాదు వంటవారు పత్థర్ కా ఫూల్ అందురు. అమరకోశమునందు శైలేయము, అశ్మపుష్పము అను పర్యాయములు కలవు. భాష కొక పేరు. అయినను ఏ పేరునందును రాయి తప్పిపోలేదు. అంగడిలో దొరకు దినుసు చాలవరకు హిమాలయ ప్రాంతముల అడవులనుండియు పడమటి కనుమలనుండియు వచ్చునది. చెట్ల బెరడుపైనను రాళ్ళపైనను పెరుగు పెద్ద ఆకువంటి జాతులు అందులో చేరియుండును. మన మెట్టప్రాంతపు బండలకు పొరవలె అంటుకొనియుండు జాతులు వంటకు పనికివచ్చునవి కావు. అవి మరియొక పనికి వచ్చును. ఆ పని యేదో తెలుపుటకే ఈ వ్యాసము.

దుర్గము, దాని పేరు

‘నిడు’ అనగా పొడవైన, ఎత్తైన అని అర్థము. ‘కల్లు’ అనగా రాయి. నిడుపు, నిడివి అను మాటలు ఎరిగిన తెలుగువానికిని, కల్లు అను మాట నిత్యము వాడు కన్నడిగునికిని ఈ పేరు ఎవరును విప్పిచెప్ప నక్కరలేదు. శాసనములలో ఈ కొండకు కాళాంజనమను పేరు గూడ కానవచ్చును. సముద్రమట్టమునకు 3,700 అడుగులకు పైగా లేచిన ఈ గిరి చుట్టుపట్ల మైదానమునుండి చూచువారికి నిజముగనే నిడుగల్లు.

ఈ దుర్గమును ఏలినవారిలో మిక్కిలి ప్రసిద్ధులు నిడుగల్లు చోళులు. వీరు తెలుగు చోళుల శాఖలలో ఒక శాఖవారు. కరికాలచోళుని వంశమువారమనియు, ఒరెయూరు పురాధీశ్వరులమనియు చెప్పుకొనిరి. 12, 13 శతాబ్దములలో హొయసలులతో తలపడుచు, కొన్నిపట్ల లోబడుచు, మరల తల యెత్తుచు ఈ కొండను కాపాడుకొనిరి. ఇరుంగోళుడను పేరు ఈ వంశమున మాటిమాటికి వచ్చును. 1232 నాటి శాసన మొకటి, ఇరుంగోళదేవుని కాలమున ఈ కొండపై పార్శ్వనాథుని జైనబసది నిర్మింపబడిన వృత్తాంతమును తెలుపుచున్నది. తరువాత విజయనగర కాలము, అటుపై హరతి నాయకుల పాలన, తుదకు హైదరాలీ, టిప్పూల కాలము. ఈ కథ మనవారు పలుమార్లు విన్నదే.

ఇందు ఒక్క విశేషమును మాత్రము ఇక్కడ గుర్తుంచుకొనవలెను. వంశమేమో తెలుగు చోళులది. వారి శాసనములేమో చాలవరకు కన్నడమున నున్నవి. కొండ చుట్టుపట్ల చాలవరకు ఆంధ్రభూమి. సమీపముననే నోళంబుల రాజధానియైన హేమావతి. అది నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. 1799లో శ్రీరంగపట్టణము కూలినపిదప గీచిన గీతలలో పావగడ మైసూరుకు దక్కెను. చుట్టునున్న సీమ 1800లో కుంఫిణీవారి దత్తమండలములలో చేరెను. ఆ గీతలే నేటి రాష్ట్రముల ఎల్లలకు మూలము. మన కుటుంబములు కదలలేదు, గీత కదిలినది. ఈ సంగతి రాతిపూల కథలో గూడ మరల ఎదురగును.

రాతిపూవు అనగా నేమి

చాలకాలము పండితులు లైకెన్‌ను ఒకే మొక్క అని తలచిరి. పాచివలె నుండును గనుక పాచి జాతి యనుకొనిరి. వృక్షశాస్త్రమునకు నామకరణ పద్ధతిని నేర్పిన స్వీడను దేశపు లిన్నేయస్ సయితము వీనిని వృక్షలోకమున కడు పేదలనుగా ఎంచి విశేషముగ పట్టించుకొనలేదు. ఆయన శిష్యుడైన అకారియస్ 1803లోను 1810లోను వెలువరించిన గ్రంథములతో ఈ శాస్త్రమునకు ప్రత్యేకమైన పీట వేసెను.

1867లో స్విట్జర్లాండు దేశీయుడైన శ్వెండెనర్ ఒక వింత సంగతిని ప్రకటించెను. లైకెన్ ఒక మొక్క కాదు; ఒక శిలీంధ్రమును ఒక శైవలమును కలిసి చేయు సంసారమని ఆయన వాదము. శిలీంధ్రము ఇల్లు కట్టును, నీటిని నిలుపును, రాతిని పట్టుకొనును. లోపల నున్న శైవలము ఎండను ఉపయోగించి అన్నము వండును. ఆనాటి పెద్దపండితులలో అగ్రగణ్యుడైన నైలాండర్ ఈ వాదమును కడదాక అంగీకరింపలేదు. అయినను కాలము శ్వెండెనర్ పక్షమునే నిలిచినది. 2016లో జరిగిన పరిశోధనలో, పెక్కు లైకెన్ల పైపొరలో మరియొక శిలీంధ్రజాతి గూడ కాపురమున్నదని తేలినది. ఇద్దరి సంసారమనుకొన్నది ఉమ్మడి కుటుంబమై కూర్చున్నది.

ఈ ఉమ్మడి బ్రతుకువలననే లైకెన్ మరియెవరును నిలువలేని చోట నిలువగలదు. పావగడ సీమలో ఏటి వాన సుమారు 500, 600 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ వేసిన రైతు మబ్బువంక చూచుచు కాలము గడుపు నేల యిది. వేసవిలో మిట్టమధ్యాహ్నము బండపై కాలు పెట్టలేము. ఆ బండపైననే లైకెన్ ఎండి, ప్రాణము పోయినట్లు పడియుండును. తెల్లవారుజామున కొంచెము మంచు పడినచో కొన్ని నిమిషములలో తిరిగి పచ్చబడి, ఎండ ముదురువరకు అన్నము వండుకొని, మరల నిద్రించును. 2018లో ఆరంభమైన పావగడ సౌరవిద్యుత్ క్షేత్రము 2,000 మెగావాట్లకు పైబడిన శక్తిని ఏ ఎండనుండి తీయుచున్నదో, ఆ ఎండనే ఈ చిన్నప్రాణి వేల ఏండ్లుగా తీయుచున్నది.

దీని పెరుగుదల కడు నెమ్మది. రాతికి పొరవలె అంటుకొను జాతులు ఏటికి ఒక మిల్లీమీటరు, తరచు అంతకును తక్కువ, వెడల్పగును. అరచేయంత మచ్చ యనగా మన తాతలనాటిది కావచ్చును.

అన్వేషకులు నడిచిన దారి

భారతదేశపు లైకెన్ల ప్రస్తావన 1753లో లిన్నేయస్ గ్రంథముననే వచ్చినది. 19వ శతాబ్ది ప్రథమార్ధమున ఫ్రెంచి యాత్రికుడు బెలాంజే మన దేశమునకు వచ్చి మొక్కలను సేకరించెను. తూర్పుతీరపు చెట్ల బెరడుపై వ్రేలాడు ఒక జాతికి ఆయన, తన దేశపు పండితుడగు మోంటాన్ పేర, రోసెల్లా మోంటాన్యీ అని పేరు పెట్టెను. ఈ రోసెల్లా జాతులు ఐరోపావారికి అప్పటికే పరిచితములు. వానిని పులియబెట్టి ఊదారంగు తీసి పట్టుబట్టలకు అద్దెడివారు. బడిపిల్లలు నేటికిని ప్రయోగశాలలో ముంచి చూచు లిట్మస్ కాగితపు రంగునకు మూలము ఈ కుటుంబమునకు చెందిన లైకెన్లే.

తరువాత నీలగిరులు, పళని కొండలు, సిక్కిము, డార్జిలింగు – ఇట్లు చల్లని తడి కొండలకే అన్వేషకులు పోయిరి. సేకరించిన పొట్లములు పారిస్, లండన్, జెనీవా వంటి దూరపు భాండాగారములకు ప్రయాణమై, అక్కడి పండితులచేత పేర్లు పొందెడివి. మన దేశీయులే ఈ పనిని క్రమముగ చేపట్టుట 20వ శతాబ్దిలో జరిగినది. లక్నో విశ్వవిద్యాలయ ఆచార్యుడు ధరణీధర్ అవస్థి 1965లో భారత, నేపాల, పాకిస్తాన, సింహళ దేశముల లైకెన్ల పట్టిక నొకదానిని వెలువరించెను. పొలుసు, ఆకు రూపముల జాతులకు 1988లోను, చిన్నవగు పొరజాతులకు 1991లోను గుర్తింపు సూచికలను రచించెను. నేడు దేశమున ఈ పని చేయువారందరును ఆ సూచికలను చేతపట్టుకొనియే కొండ యెక్కుచున్నారు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనాలయము, పూనాలోని అఘార్కర్ పరిశోధనాలయము ఈ విద్యకు కేంద్రములైనవి. 2010 నాటి పట్టికలో మన దేశమునకు 2,303 జాతులు లెక్కకు వచ్చినవి. 2018 నాటికి ఆ సంఖ్య 2,700 దాటినది. ఎనిమిదేండ్లలో నాలుగువందల జాతులు చేరినవన్నచో, వెదకవలసినది ఇంకను ఎంత కలదో ఊహింపవచ్చును.

వాల్తేరు ప్రయోగశాల

ఈ చరిత్రయందు ఆంధ్రదేశమునకు ఒక గౌరవస్థానమున్నదని మనవారిలో పలువురకు తెలియదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాస్త్ర శాఖలో ఆచార్యుడుగానుండిన టి. ఆర్. శేషాద్రి, తన సహచరుడు వి. సుబ్బారావుతో కలిసి 1940 ప్రాంతమున భారతీయ లైకెన్ల రసాయన పరిశీలన నారంభించెను. మొదట వారు చేపట్టినది బెలాంజే పేరు పెట్టిన ఆ తూర్పుతీరపు రోసెల్లానే. దానినుండి వారు వేరుచేసిన ఒక పదార్థమునకు మోంటాన్యిటాల్ అను పేరు వచ్చినది. శేషాద్రి తరువాత ఢిల్లీకి పోయి అక్కడను ఈ పనిని కొనసాగించెను. 1960లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1963లో పద్మభూషణ బిరుదమును పొందెను.

లైకెన్‌ను గుర్తించుటలో రసాయనము ప్రధానమైన సాధనమగుట యెట్లో ఇక్కడ చెప్పవలెను. కంటికి ఒక్కటిగా కనబడు రెండు జాతులు లోపలి ఆమ్లములలో భేదించును. 1866లో నైలాండర్ క్షారద్రవమును, చలువపొడి ద్రవమును ఒక్కొక్క చుక్క వేసి రంగు మారుట చూచు పద్ధతిని ప్రవేశపెట్టెను. తరువాత జపానుదేశపు అసాహినా మరియొక ద్రవమును చేర్చెను. ఒకటి పసుపగును, ఒకటి ఎర్రబడును, ఒకటి మారనే మారదు. ఆ రంగును బట్టి జాతి తేలును. ఈ ఆమ్లముల స్వరూపమును విప్పిచెప్పినవారిలో మన వాల్తేరు ప్రయోగశాలవారు ఒకరు.

లెక్కలు, ఎల్లలు

అయినను సముద్రతీరపు లైకెన్‌ను పరిశీలించినంత మాత్రమున రాయలసీమ బండలకు వంతు వచ్చినట్లు కాదు. తూర్పుకనుమల లైకెన్ సంపద ఇంకను వెలికిరాలేదని లక్నో, కడప మున్నగు చోట్ల శాస్త్రజ్ఞులు కలిసి 2013లో కరెంట్ సైన్స్ పత్రికలో వ్రాసిరి. 2006లో స్థాపితమైన కడప యోగివేమన విశ్వవిద్యాలయమువారు లక్నోవారితో కలిసి దక్షిణాంధ్ర కొండలలో తిరిగి, ఆంధ్రప్రదేశపు పట్టికకు క్రొత్త జాతులను చేర్చుచు వచ్చిరి. 2014లో గూడ అట్టి జాబితా యొకటి వెలువడినది. కర్ణాటక వైపున పడమటి కనుమల అడవులు అన్వేషకులను ఆకర్షించినవి. బెంగుళూరు లాల్‌బాగు తోటయందలి లైకెన్లను, వానిలో చేరిన లోహములను గూర్చిన పరిశీలన 2003లో ప్రకటితమైనది. పారిసు నగరపు లక్సెంబర్గు ఉద్యానమున చెడుగాలికి లైకెన్లు నశించుచున్నవని నైలాండర్ 1866లోనే గమనించెను; ఆ పాఠమునే నూరేండ్ల పైబడి మన నగరమున తిరిగి చదువవలసివచ్చినది.

ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. జాబితాలు రాష్ట్రములవారీగ తయారగును. ఒక జాతి మడకశిర బండపై దొరికినచో ఆంధ్రకు ‘క్రొత్త జాతి’. ఆ బండకు ఎదుటనున్న పావగడ బండపై అదే జాతి దొరికినచో కర్ణాటకకు ‘క్రొత్త జాతి’. రాయి యొక్కటే. భూగర్భశాస్త్రజ్ఞులు రెంటిని కలిపి క్లోజుపేట గ్రానైటు అందురు. రామనగరమునకు ఒకప్పుడుండిన పేరే ఈ రాతికి వచ్చినది. దక్షిణమునుండి ఉత్తరమునకు సుమారు 400 కిలోమీటర్లు సాగిన ఈ రాతిపట్టీ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. దానికి 1800 నాటి గీత తెలియదు, 1953 నాటి ఆంధ్రరాష్ట్రము తెలియదు, 1956 నాటి పునర్విభజన తెలియదు. రాతిపూవు రాతిని, ఎండను, నీడను, తేమను ఎరుగును గాని ఎల్లను ఎరుగదు.

ఎల్ల నానుకొనియున్న సీమకు ఇందువలన కలుగు నష్టమేమనగా, ఉభయ రాష్ట్రముల కేంద్రములకును అది దూరపు అంచుగనే కనబడును. తడి అడవికి పోవు అన్వేషకుడు ఎండుబండను దాటిపోవుట సహజము. తడి అడవిలో లైకెన్ చేతికి ఊడివచ్చును. ఎండుబండపై ఉలి, సుత్తి లేనిదే రాదు. అక్కడి జాతులు ఆకులవంటివి, అందమైనవి. ఇక్కడి జాతులు సన్నని పొరలు, గుర్తించుట కష్టము. లెక్కలలో అంచున నిలిచిన కుటుంబములకు ఈ అనుభవము క్రొత్తది కాదు.

శాసనము తేదీ చెప్పును

ఇక నిడుగల్లు ప్రత్యేకతకు వత్తము. దక్కను మెట్టసీమల గ్రానైటు బండలపై సామాన్యముగ కానవచ్చు లైకెన్ కుటుంబములు కొన్ని కలవు. కావిరంగు పొరయై పాకు కెలోప్లాకా. పసుపు కలిసిన ఆకుపచ్చ పొలుసుల జాంథోపార్మీలియా. వాననీరు జారు చారలలో నల్లగా నిలుచు పెల్టులా. బూడిదరంగు రెక్కలవలె పరచుకొను డిరినేరియా, పార్మోట్రీమా. ఏ జాతి ఎక్కడ, ఎంత అని చూచుటయే సర్వే. ఉత్తరపు ముఖమున ఎండ తక్కువ, దక్షిణపు ముఖమున ఎక్కువ. కోనేటి ప్రక్కన తేమ, కొండకొమ్మున గాలి. ఒకే కొండపై నాలుగు వాతావరణములు. సర్వే చేయువారు నిర్ణీతమైన కొలతగల చట్రమును రాతిపై నుంచి, అందులోని జాతులను లెక్కించి, ఎత్తును, దిక్కును, రాతి వాలును వ్రాసికొందురు. గోరంత ముక్కను తీసి కాగితపు పొట్లమున పెట్టి, పైన స్థలమును తేదీని వ్రాయుదురు. తేదీ లేని పొట్లము, తేదీ లేని శాసనము ఒక్కటే.

సామాన్యమైన కొండపై పరిశోధకునికి రాతి ముఖము ఎన్నడు బయటపడినదో తెలియదు. నిడుగల్లుపై తెలియును. సహజమైన బండముఖము వేల యేండ్లుగా ఎండకు తెరచియున్నది. 1232 నాటి శాసనముఖము ఉలి తగిలిన నాటినుండి లెక్కకు వచ్చును. పాలెగాండ్ర కాలపు కోటగోడ రాళ్ళు మరియొక వయస్సువి. మేకులు దిగగొట్టి నిన్నమొన్న పగులగొట్టిన రాళ్ళు మరియొక వయస్సువి. ఒక్కచోట నాలుగు వయస్సుల రాళ్ళు! ఏ రాతిపై ఏ జాతులు చేరినవో పోల్చిచూచినచో, ఏ జాతి ముందు వచ్చును, ఏది వెనుక వచ్చును, ఏది శతాబ్దములు గడచినను చేరదు అనునది తెలియును. ఆస్ట్రియా దేశీయుడు రోలండ్ బెషెల్ 1950లో వెల్లడించిన లైకెన్ కాలమాన పద్ధతికి ఇదే మూలసూత్రము. ఐరోపాలో ఈ పనికి తేదీ చెక్కిన సమాధిరాళ్ళను ఉపయోగించుచున్నారు. మన సీమలో సమాధిరాళ్ళకంటె ప్రాచీనములగు శాసనములున్నవి.

అయితే ఒక జాగ్రత్త కలదు. శాసనమునకు ప్రతి తీయువారు రాతిని కుంచెతో రుద్ది కడిగి, తడికాగితము పరచి, అక్షరములలోనికి దిగునట్లు కుంచెతో మోది, పైన సిరా అద్దుదురు. లూయీ రైస్ తుమకూరు జిల్లా శాసనములను ఎపిగ్రాఫియా కర్ణాటికా 12వ సంపుటముగ 1904లో ప్రకటించెను. అట్టి ప్రతులకొరకు కడుగబడిన రాతిపై లైకెన్ లెక్క చెక్కిన నాటినుండి గాక, కడిగిన నాటినుండి మొదలగును. కావున ఏ శాసనమును ఎవరు, ఎప్పుడు కడిగిరో తెలిసినచో, అదియును ఒక తేదీయే. శాసనపరిశోధకుల దినచర్య వృక్షశాస్త్రజ్ఞునకు ఆధారమగుట ఇట్టిచోటనే జరుగును. శాసనము లైకెన్‌కు వయస్సు చెప్పును; లైకెన్ తిరిగి, తేదీ లేని గోడకు, తేదీ లేని మెట్లకు వయస్సు సూచింపగలదు. చరిత్రకారునకు ఇంతకంటె నమ్మకమైన పొరుగువాడు దొరకడు.

చెరుపా, కాపుదలా?

లైకెన్ రాతికి చెరుపు చేయునను మాట సత్యమే. దాని పోగులు రాతి రవ్వలసందున దిగును. అది విడుచు ఆక్సాలిక్ ఆమ్లము రాతిని మెల్లగ కరగించును. లక్నో పరిశోధకులు మధ్యప్రదేశము మున్నగు చోట్ల ప్రాచీన కట్టడములపై ఈ విషయమును పరిశీలించిరి. కాని కొన్ని జాతులు రాతిపై దుప్పటివలె పరచుకొని, వాన తాకిడిని, ఎండ కాకను తగ్గించుచున్నవని గూడ ఇతర దేశముల పరిశోధనలు తెలుపుచున్నవి. ఏ జాతి చెరుపునది, ఏ జాతి కాచునది అనునది ఆ జాతి పేరు తెలిసినగాని చెప్పుటకు వీలులేదు. కావున తుడుచుటకు ముందు గుర్తించుట అవసరము. సర్వే అనునది పండితుల వినోదము గాదు. శాసనరక్షణకు మొదటి మెట్టు.

ఊరూర భక్తి పేర జరుగుచున్న పనిని చూచినచో ఈ మాట యెంత అవసరమో తెలియును. జీర్ణోద్ధరణమని తలచి ప్రాతరాళ్ళకు సున్నము కొట్టుదురు. అక్షరములు స్పష్టముగ కనబడవలెనని వానిలో రంగు నింపుదురు. ఇనుపకుంచెతోను ఆమ్లముతోను రాతిని తోముదురు. ఇసుకను బలముగ చిమ్మి గుడిగోడలను తెల్లబరతురు. రాయి క్రొత్తదివలె మెరయును. అక్షరముల అంచులు మాత్రము అరిగిపోవును. ఎనిమిదివందల యేండ్లు ఎండకు వానకు నిలిచిన గీత ఒక్క పూటలో మాసిపోవును. దానితోపాటు ఆ రాతిపై వ్రాయబడిన రెండవ శాసనము, అనగా లైకెన్ల వరుస, నిశ్శేషమగును. మొదటి శాసనమునకైనను 1904 నాటి అచ్చుప్రతి కలదు. రెండవదానికి ప్రతి లేదు. గ్రానైటుకు గిరాకి పెరిగిన ఈ కాలమున కొండలకు కొండలే ముక్కలై లారీలపై పోవుచుండుట వేరుగ చెప్పనక్కరలేదు.

మనము చేయదగినది

ఈ పనిలో సామాన్యులకు చోటు లేదని తలపరాదు. లైకెన్ జాతిని నిర్ణయించుట పండితుని పని. కాని కొండను ఏటేట చూచుచుండుట స్థానికుని పని. నిడుగల్లు ఎక్కు మన పిల్లలు ఒక్క ముక్కను గూడ ఊడదీయకుండ, రాతిపై మచ్చ ప్రక్కన ఒక రూపాయి బిళ్ళ నుంచి ఛాయాచిత్రము తీసి, ఏ రాయి, ఏ దిక్కు, ఏ తేదీ అని వ్రాసి దాచినచో, పదియేండ్ల తరువాత అదే రాతికి అదే బిళ్ళ నుంచి తీసిన చిత్రము పెరుగుదల నెంతో చెప్పును. ఇట్టి చిత్రములను సమీప కళాశాల వృక్షశాస్త్ర శాఖలవారికి అందజేయవచ్చును. ఎల్లకు ఈవల పిల్లలును ఆవల పిల్లలును ఒకే పద్ధతిని అనుసరించినచో, రెండు జాబితాలలో చీలిన సీమ ఒక పటమున కలియును. పెద్దలు తమవంతుగ, గుడి బాగుచేయింప పూనుకొన్నవారితో ఒక మాట చెప్పవచ్చును: అక్షరములున్న రాతికి రంగు పూయకుడు, తోమింపకుడు, పురావస్తుశాఖవారిని సంప్రదింపుడు అని. ఈ మాట కన్నడమున చెప్పినను తెలుగున చెప్పినను నిడుగల్లు క్రింద అందరకు అర్థమగును.

పరరాష్ట్రమున నిలిచిన మనకు నిడుగల్లు కొండ తెలుగు చోళుల కీర్తిచిహ్నము. కీర్తిని చెప్పుకొనుట సులభము. కీర్తి నిలిచిన రాతిని కాచుకొనుట కష్టము. ఆ రాతిపై తెలుగు వంశమువారు కన్నడ అక్షరములు చెక్కించిరి. ఆ అక్షరములమీద శిలీంధ్రమును శైవలమును కలిసి ఒక్క పేరున కాపురముండి, తమ లిపిలో తాము వ్రాసినవి. మొదటి లిపిని చదువుటకు మన పెద్దలు శ్రమించిరి. రెండవ లిపిని చదువుట మన పిల్లల వంతు. అది చదువబడువరకైనను ఆ రాళ్ళను తుడువకుండ ఉంచుట మన వంతు.